పైన అట్ట వేరు... లోపల పాట వేరు!

నేనొకప్పుడు పాటల దొంగని!

కంగారుపడకండి. ఏ సంగీత దర్శకుడి బాణీనో కొట్టేసి నా పేరు పెట్టుకున్న బాపతు కాదు. అంత తెలివే వుంటే ఏ మద్రాసులోనో స్థిరపడి వుండేవాణ్ణి. నాది చిల్లర దొంగతనం. 1984 నుంచి 1986 దాకా కడపలో, ఏడు రోడ్ల కూడలికి నాలుగడుగుల దూరంలో, ఒక రికార్డింగు సెంటర్లో కూచుని ఒక క్యాసెట్టులోంచి ఇంకో క్యాసెట్టులోకి పాటలు ఎక్కించేవాణ్ణి. పగలు డిగ్రీ కాలేజీ. సాయంత్రం నాలుగు నుంచి సెకండు షో మొదలయ్యేదాకా పాటల పని. నెలకు నూటయాభై రూపాయలు, రోజుకు రెండు టీలు. అసలు జీతం అది కాదు లెండి! కొత్త సినిమా పాటలు మా కాలేజీ మొత్తానికీ ముందు నా చెవిన పడేవి. అదీ నా గొప్ప!

ఆ షాపులు ఎట్లా వుండేవో ఇప్పటి కుర్రాళ్ళకు చెప్పాలి. గోడ నిండా క్యాసెట్లు. బల్ల మీద రెండు డెక్కులు. వచ్చినవాళ్ళు జేబులోంచి చీటీ తీసేవారు. ఒక వైపు ‘సాగర సంగమం’, రెండో వైపు ‘ఖైదీ’! మా కడప వాళ్ళ అభిరుచి అంత విశాలం. చీటీలో వరసా వాళ్ళదే. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో చెప్పి, ‘ఆఖర్లో పాట కట్టయిందంటే డబ్బులియ్యను’ అని బెదిరించి మరీ పోయేవారు. ప్రేమలో పడ్డవాళ్ళ చీటీలు చూడగానే తెలిసిపోయేవి. అన్నీ విషాద గీతాలే!

అది తప్పని మాకు తెలుసా? తెలుసు... తెలియనట్టు వుండేవాళ్ళం. పాట రాసినాయనకూ, పాడినావిడకూ, డబ్బు పోసి రికార్డు వేసిన కంపెనీకీ మా షాపు నుంచి పైసా పోయేది కాదు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే తర్వాత చెప్పబోయేది విని, ‘వీడు దొంగల తరఫు వకీలు’ అని మీరు అనుకోకూడదు.

* * *

1986 ఎండాకాలం. ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. రాజంపేట వైపు మనిషి. తెల్ల తలగుడ్డ, భుజాన సంచి. సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఒక క్యాసెట్టు తీశాడు. చూస్తే మామూలు సినిమా పాటల క్యాసెట్టే. మీద హీరో హీరోయిన్ల బొమ్మ.

“ఏం పాటలు తాతా?” అన్నాను.

“పాటలు కాదు నాయనా. దీంట్లో మా యింటామె మాట్లాడింది. కువైట్లో వుండే పిల్లోనికి పంపల్లని పట్టింది. పంపకముందే పోయింది. దీన్ని ఇంకో దాంట్లోకి ఎక్కియ్. ఒకటి వానికి, ఒకటి నాకు.”

మా వుమ్మడి కడప జిల్లాలో కువైట్ సంగతి చెప్పనక్కరలేదు. రాజంపేట, కోడూరు వైపు ఎన్నో ఇళ్ళలో ఎవరో ఒకరు అక్కడ వుంటారు. ఆ రోజుల్లో వచ్చేటప్పుడు టేపురికార్డరు తెచ్చేవారు. పోయింతర్వాత వుత్తరాల బదులు క్యాసెట్లు నడిచేవి. రాయడం రానివాళ్ళకు అదే వుత్తరం. కొత్త క్యాసెట్టు దొరక్కపోతే ఇంట్లో వున్న సినిమా క్యాసెట్టు మీదే మాట్లాడేవారు. కంపెనీ క్యాసెట్టు మీద మామూలుగా రికార్డు కాదు. వీపున వుండే రెండు చిన్న ప్లాస్టిక్కు ముక్కల్ని తీసేసి అమ్ముతారు గనక అక్కడ గుంతలుంటాయి. ఆ గుంతల మీద ఇంత కాయితం అంటిస్తే చాలు, డెక్కు మోసపోయి రికార్డు చేసుకుంటుంది. పెద్దాయన తెచ్చిన క్యాసెట్టు మీద కూడా అన్నం మెతుకులతో అంటించిన కాయితం ముక్క వుంది.

పెట్టి విన్నాను. ఆవిడ గొంతు. గొడ్ల సంగతి, బావిలో నీళ్ళు అడుగంటిన సంగతి, చెల్లెలి పెళ్ళి సంగతి... మధ్యలో కోడి అరుపు. చివర కొడుకు బిడ్డ కోసం ఒక జోలపాట.

“రేపు రా తాతా” అన్నాను.

అరగంట పని! ఆ వారమే కొత్త సినిమా పాటలు వచ్చాయి. షాపు ముందు జనం. ఒక్కొక్క చీటీ డబ్బే. పెద్దాయన పని పక్కన పెట్టాను. మర్నాడు వచ్చాడు. ‘రేపు రా’ అన్నాను. ఆ మర్నాడూ అంతే.

నాలుగో రోజు కంపెనీ తరఫు మనుషులు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. రెండు డెక్కులూ తీసుకున్నారు. గోడ మీదవీ, బల్ల మీదవీ క్యాసెట్లన్నీ గోనెసంచుల్లోకి దులిపారు. పెద్దాయన క్యాసెట్టు కూడా! దాని మీద హీరో హీరోయిన్ల బొమ్మ వుంది కదా... లోపల ఏముందో ఎవరు వింటారు? వాళ్ళను అనడానికి లేదు. వాళ్ళ చేతిలో చట్టం వుంది. వీడియో, క్యాసెట్ల దొంగతనం పెరిగిపోయిందని 1984లోనే కాపీరైటు చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. ‘అయ్యా, అదొక్కటీ వేరే’ అని నోరు విప్పాల్సింది నేను. విప్పలేదు. తర్వాతైనా వెళ్ళి ఆ సంచీల్లోంచి ఒక్క క్యాసెట్టు వెతకనివ్వమని అడగడానికి మా ఓనరుకు భయం. నాకు సిగ్గు.

పెద్దాయన వచ్చాడు. “మిషను రిపేరు తాతా, వచ్చే వారం రా” అన్నాను. వచ్చే వారమూ వచ్చాడు. వీధి చివర ఆయన తలగుడ్డ కనపడగానే నేను వెనక సందులోంచి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఆ షాపుకు మళ్ళీ పోలేదు.

* * *

ముప్పై నాలుగేళ్ళు గడిచాయి. ఇప్పుడు మా నాయన సంగతి.

మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మా నాయన చెక్కభజన గురువు. చెక్కభజన మా సీమ వాళ్ళకు చెప్పక్కరలేదు. కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో తాళాలు బిగించిన చెక్కలు, మధ్యలో గురువు, చుట్టూ గుండ్రంగా కుర్రాళ్ళు. పాటకు తగ్గట్టు అడుగు. మా నాయన ఒక్కో వూళ్ళో నెలలకొద్దీ మకాం పెట్టి నేర్పేవాడు. చివర్లో గజ్జెపూజ. సినిమా అంటే మహా యిష్టం. వినడానికి బాగున్న బాణీ ఏదైనా సరే, రాముడి మీద మాటలు కట్టి భజనలో దూర్చేవాడు. ‘సినిమావోళ్ళు మన భజన బాణీలు తీసుకుంటే లేని తప్పు, మనం తీసుకుంటేనేనా?’ అని ఆయన వాదన. ఇంట్లో ఇద్దరం దొంగలమే అన్నమాట!

2014 శ్రీరామనవమికి వూళ్ళో ఒక కుర్రవాడు మా నాయన భజనను సెల్‌ఫోనులో పట్టి, ఒక వీడియో సైటులో తన చానెల్లో పెట్టాడు. నలభై నిమిషాల పైచిలుకు. ట్యూబులైటు వెలుతురు, దుమ్ము, సగం తలకాయలు. ఒకచోట మా నాయన చెక్కలు ఆపి నేరుగా కెమెరా వైపు చూసి, “ఏమబ్బీ, అడ్డం నిలబడుకున్నావు, పక్కకు జరుగు!” అని కసురుతాడు. ఆ తిట్టు విని వూరంతా నవ్వుతుంది.

2020 ఆగస్టులో మా నాయన కరోనాతో పోయాడు. ఎన్ని వూళ్ళకు భజన నేర్పాడో లెక్కలేదు. మోయడానికి వచ్చినవాళ్ళు మాత్రం ఆరుగురు.

కర్మాంతరాలు అయ్యాక ఒక రాత్రి అమ్మ అంది: “ఆ సెల్లులో వచ్చేది పెట్టు నాయనా, ఆయప్ప గొంతు విందాం.” పెట్టాను. మా వూళ్ళో సిగ్నలు సంగతి తెలుసుగా... చెరువు కట్టెక్కితే తప్ప రాదు. చక్రం తిరుగుతూనే వుంది. రెండు అడుగులు వేసి మా నాయన నిలిచిపోతాడు. మళ్ళీ చక్రం. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు మా అక్క కొడుకు రంగంలోకి దిగాడు. ఇంజినీరింగు చదువుతున్నాడు. కాలేజీ మూసేస్తే మా వూరొచ్చి వున్నాడు. “మామా, దాన్ని మన కంప్యూటర్లోకి దింపేస్తా. నెట్టు లేకున్నా అవ్వ చూసుకుంటది” అన్నాడు. ముందు ఆ వీడియో పెట్టిన కుర్రవాణ్ణి అడిగాం. “మీ నాయనదే కదన్నా, నన్ను అడిగేదేముంది!” అన్నాడు. అల్లుడు చెరువు కట్ట మీద ల్యాప్‌టాపు తెరిచి నల్లటి తెర మీద ఒకే ఒక్క లైను కొట్టాడు. వీడు బ్యాంకుకు కన్నం వేస్తున్నాడేమో అని నాకు గుండె దడ! రెండు గంటల్లో మా నాయన మొత్తం దిగాడు.

“ఇదేందిరా అల్లుడా?”

“యూట్యూబ్-డీఎల్ అంటారు మామా. ఓపెన్ సోర్సు.”

* * *

ఓపెన్ సోర్సు అంటే మా నాయన భజన అడుగుల లాంటిది. దాచేది ఏమీ లేదు. ప్రోగ్రాము ఎట్లా రాశారో అందరికీ కనపడేట్టు పెడతారు. ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి నేర్పొచ్చు. కోయిలకుంట్లలో నేర్పిన అడుగు ఆళ్ళగడ్డ పోయేసరికి ఇంకాస్త సొగసుగా మారినట్టు!

ఈ యూట్యూబ్-డీఎల్ పుట్టుక మా చెరువు కట్ట కథలాగే వుంటుంది. 2006లో స్పెయిన్ దేశంలో రికార్డో గార్సియా అనే ఆయన రాశాడు. అప్పట్లో ఆయనింట్లో వున్నది టెలిఫోను తీగ మీద నడిచే నత్తనడక ఇంటర్నెట్టు. వీడియో చూస్తూ వుంటే ఆగిపోతుంది. ముందు దింపుకుని తర్వాత తీరిగ్గా చూద్దామని రాసుకున్న చిన్న ప్రోగ్రాము అది. తర్వాత ఎందరో చేతులు వేశారు. యూట్యూబు ఒక్కటే కాదు, వందలాది సైట్ల నుంచి దింపగలిగేంత పెద్దదయింది. విలేకరులు సాక్ష్యం పోకుండా దాచుకోవడానికీ, చూపూ వినికిడీ తక్కువైనవాళ్ళు తమకు వీలైన వేగంలో పెట్టుకోవడానికీ, పాతవి భద్రపరచేవాళ్ళు భద్రపరచడానికీ వాడుతున్నారు. పాటలు వూరికే కొట్టేసేవాళ్ళూ వాడుతున్నారు. అదీ నిజమే.

మా నాయనను దింపుకుని నెలైనా కాలేదు. 2020 అక్టోబరు 23. అమెరికాలో పెద్ద పెద్ద రికార్డు కంపెనీలన్నిటికీ ఒక సంఘం వుంది. దాని తరఫున గిట్‌హబ్‌కు నోటీసు వెళ్ళింది. గిట్‌హబ్ అంటే ప్రపంచంలోని ప్రోగ్రాములు రాసేవాళ్ళందరికీ రచ్చబండ. 2018 నుంచి మైక్రోసాఫ్టు చేతిలో వుంది. నోటీసు అందగానే యూట్యూబ్-డీఎల్‌నూ, దాన్నుంచి పుట్టిన నకళ్ళనూ అక్కణ్ణించి తీసేశారు.

“మామా, మన ప్రోగ్రాం ఎత్తేసినారు!” అని అల్లుడు పరిగెత్తుకొచ్చాడు. నాకు మాత్రం గోనెసంచి కనిపించింది.

నోటీసులో రెండు అభియోగాలు. ఒకటి, ఈ ప్రోగ్రాము తాళం పగలగొడుతోందని. అమెరికాలో 1998లో చేసిన డిజిటల్ కాపీరైటు చట్టం ప్రకారం, రక్షణ కోసం వేసిన తాళాన్ని పగలగొట్టే పనిముట్టును పంచడం కూడా నేరమే. రెండు, ప్రోగ్రాము లోపల టేలర్ స్విఫ్ట్, జస్టిన్ టింబర్‌లేక్, ఐకానా పాప్‌ల పాటల చిరునామాలు రాసి వున్నాయని. అంటే దొంగతనానికి ఏకంగా జాబితా ఇచ్చారని!

చూస్తే నిజంగానే ఆ పాటల పేర్లు వున్నాయి. కానీ ఎందుకున్నాయి? ప్రోగ్రాము సరిగ్గా పని చేస్తోందో లేదో పరీక్షించడానికి. నేను ప్రతి సాయంత్రం డెక్కు ఆన్ చేయగానే హెడ్డు శుభ్రంగా వుందో లేదో చూడ్డానికి ఒక పాట పల్లవి నాలుగు సెకన్లు పెట్టేవాణ్ణి. అట్లాంటిది. అవీ కొన్ని సెకన్లే నడుస్తాయి. పాట మొత్తం దిగదు. మళ్ళీ అదే కథ చూశారా! పైన బొమ్మ చూశారు, లోపల వినలేదు.

ఇక తాళం సంగతి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే పౌరహక్కుల సంస్థ వకీళ్ళు ప్రోగ్రాము తరఫున నిలబడి గిట్‌హబ్‌కు జవాబు రాశారు. వాళ్ళు చెప్పింది మన భాషలో చెప్పాలంటే ఇదీ: ఆ సైటు వీడియోతో పాటు దాని చిరునామాను కాస్త తికమక చేసి పంపుతుంది. ఆ తికమకను విప్పే సూత్రాన్నీ అదే పేజీలో పెట్టి పంపుతుంది. మీ ఫోనులో, నా ఫోనులో, అందరి ఫోన్లలోనూ బ్రౌజరు ఆ సూత్రంతోనే విప్పి చూపిస్తుంది. యూట్యూబ్-డీఎల్ చేసేదీ అదే. తాళమూ తాళంచెవీ ఒకే కవర్లో పెట్టి ఇంటింటికీ పంచి, తీరా తలుపు తీస్తే ‘కన్నం వేశాడు’ అంటే ఎట్లా?

2020 నవంబరు 16న గిట్‌హబ్ ఆ ప్రోగ్రామును తిరిగి పెట్టింది. పరీక్ష కోసం రాసుకున్న ఆ పాటల పేర్లు తీసేశారు. అంతే మార్పు. ఇట్లాంటి నోటీసులు వచ్చినప్పుడు ప్రోగ్రాములు రాసేవాళ్ళు పోరాడటానికి పది లక్షల డాలర్ల నిధి కూడా గిట్‌హబ్ ప్రకటించింది. ఇకముందు ఇట్లాంటి తాళం ఫిర్యాదులు వస్తే ముందు నిపుణులు పరిశీలించాకే తీసేస్తామని మాట ఇచ్చింది.

మొత్తం ఇరవై నాలుగు రోజులు. ఆ ఇరవై నాలుగు రోజులు ఎవరు ఇబ్బంది పడ్డారో గమనించారా? దొంగలు కాదు! ఎత్తేసిన మరుక్షణమే ఆ ప్రోగ్రాము నకళ్ళు లోకమంతా పాకాయి. ఎవరో ఏకంగా ప్రోగ్రామునంతా ఒక బొమ్మలో దాచి ట్విట్టర్లో పెట్టారు. కావలసినవాడికి కావలసినన్ని. ఇబ్బంది పడ్డది మా అల్లుడి లాంటివాళ్ళు. “యాడ పడితే ఆడ దొరుకుతాంది మామా. యేది నమ్మల్లనో తెలీదు. వైరస్ కలిపింటారు” అని వాడు ఆ ప్రోగ్రాము జోలికే పోలేదు. బుద్ధిగా వుండేవాడు ఆగాడు. దొంగ ఆగలేదు. పనిముట్టును పట్టుకుపోతే ఎప్పుడూ జరిగేది ఇదే.

* * *

ఈ గొడవ కొత్తది కూడా కాదు. ఇంట్లో టీవీ కార్యక్రమాలు పట్టుకునే వీడియో రికార్డరు వచ్చినప్పుడు హాలీవుడ్ కంపెనీలు దాన్ని తయారు చేసిన సోనీ మీద కోర్టుకెక్కాయి. 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి తీర్పు చెప్పింది. తర్వాత తీరిగ్గా చూసుకోవడానికి ఇంట్లో పట్టుకుంటే తప్పు లేదు, న్యాయమైన వాడకం వున్న మిషనును అమ్మినందుకు కంపెనీని శిక్షించకూడదు అని. ఒక్క ఓటు అటు పడితే చాలు, వీసీఆర్ కథ వేరేగా వుండేది!

మన దగ్గరా గోనెసంచి వుంది. 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల కోసం మద్రాసు హైకోర్టులో తెచ్చుకున్న ఉత్తర్వులతో రెండు వేల అయిదు వందలకు పైగా సైట్లను మన దేశంలో మూశారు. ఆ మూటలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా పడింది. పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ వున్న చోటది! తర్వాత మళ్ళీ తెరుచుకుందనుకోండి.

మన చట్టంలో మాత్రం నాకు నచ్చిన మాట ఒకటుంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు తాళం పగలగొట్టేవాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు అని మన వాళ్ళూ రాశారు. కానీ, ‘హక్కులను వుల్లంఘించే వుద్దేశంతో’ పగలగొడితేనే అని కూడా రాశారు. అంటే చేతిలో వున్న గడ్డపారను కాదు, గడ్డపార పట్టుకున్నవాడి మనసును చూడమని! సొంత వాడకానికి, చదువుకు న్యాయంగా వాడుకోవడం తప్పు కాదనే మాటా మన చట్టంలో వుంది. అలాగని సైటు పెట్టే షరతులు వేరే వుంటాయి. అడక్కుండా దింపుకోవద్దని చాలా సైట్లు అంటాయి. అది మరిచిపోవద్దు.

అన్ని దేశాలూ ఒకలా ఆలోచించడం లేదు. 2023లో జర్మనీలోని హాంబర్గు కోర్టు, యూట్యూబ్-డీఎల్ పరిచయ పేజీకి జాగా ఇచ్చిన ఉబర్‌స్పేస్ అనే చిన్న సంస్థకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ప్రోగ్రాము వాళ్ళ దగ్గర లేదు. దారి చూపే బోర్డు మాత్రమే వుంది. దావా వేసింది సోనీ, వార్నర్, యూనివర్సల్ సంగీత కంపెనీలు. 1984లో రికార్డరు తరఫున వాదించిన సోనీ పేరే ఇప్పుడు అవతలి పక్షంలో! సినిమాల్లో కూడా ఇట్లాంటి మలుపు పెడితే మీరు నమ్మరు.

* * *

ఇంతకీ మా నాయన వీడియో ఏమైంది?

2020 డిసెంబరులో చూస్తే లేదు. వీడియో పెట్టిన కుర్రవాడు అదే చానెల్లో సినిమా పాటల ముక్కలు కూడా పెడుతూ వుండేవాడట. వద్దని నోటీసులు వచ్చాయి. మూడోదానికి చానెలు మొత్తం మూసేశారు. సినిమా ముక్కలూ, వాళ్ళ చెల్లెలి పెళ్ళీ, వూరి జాతరా, మా నాయన భజనా... అన్నీ ఒకే సంచిలోకి. “నా ఫోను కూడా ఎప్పుడో పోయిందన్నా” అని ఆ పిల్లవాడు ఏడుపు మొగం పెట్టాడు.

మోకాళ్ళలో సత్తువ పోయినట్టయింది నాకు. అప్పుడు అల్లుడు నెమ్మదిగా, “మన దగ్గరుంది కద మామా” అన్నాడు.

వుంది! ఈసారి వుంది.

కాపీ అనే మాటను మనం ఎప్పుడూ దొంగతనం పక్కనే పెట్టి వింటాం. మా కడపలో ఇంకో అర్థం కూడా వుంది. 1820లో కడపకు వుద్యోగం మీద వచ్చిన సి.పి.బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్ళు రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కాయంటే ఆ నకళ్ళ పుణ్యమే. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా వున్న చోట ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం వుంది. మరి నకలు లేకపోతే ఏమవుతుంది? మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. దాన్ని ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ దాచలేదు, అంతే.

నా చిన్ననాటి స్నేహితుడొకడు ఒక సినిమా హాల్లో గేటుకీపరుగా చేసి, హాలు మూతపడ్డాక వూరూరూ తిరిగి బట్టలు అమ్ముకున్నాడు. ‘మా కడుపు కొట్టింది దొంగ సీడీలే’ అని వాడు ఇప్పటికీ అంటాడు. వాడి ముందు నేను తలెత్తలేను. అంచేత పాఠక మిత్రులారా, కొత్త సినిమాను దొంగ సైట్లో చూడకండి. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు అట్లాంటి సైటు నడిపాడన్న ఆరోపణ మీద ఒకతన్ని అరెస్టు చేస్తే నేను బాధపడలేదు. కానీ దొంగను పట్టుకోవడం వేరు. వూళ్ళో గడ్డపారలన్నీ జప్తు చేయడం వేరు. గడ్డపారలు పోతే దొంగ ఇంకోటి కొనుక్కుంటాడు. బావి తవ్వుకునేవాడే దాహంతో చస్తాడు.

మొన్న శ్రీరామనవమికి వూరెళ్ళాను. గుడి ముందర తెల్ల పంచె కట్టి మా నాయన భజన వేశాం. ఎక్కడా చక్రం తిరగలేదు. “ఏమబ్బీ, అడ్డం నిలబడుకున్నావు” అనే చోట వూరంతా మళ్ళీ నవ్వింది. అమ్మ నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు పంచె ముందు నిలబడి ఆయన అడుగు చూసి అడుగు వేశారు.

అయిపోగానే నా చుట్టూ మూగారు. “అన్నా, మాకూ ఎక్కియ్యన్నా!” అని. ల్యాప్‌టాపు పెట్టుకుని గుడి అరుగు మీద కూచున్నాను. ఒక్కొక్క ఫోనే తీసుకుని ఎక్కించాను. అచ్చం ఏడు రోడ్ల కాడ కూచున్నట్టే! ఎవరికీ ‘రేపు రా’ అనలేదు. అందరి పనీ అయ్యేసరికి సెకండు షో వదిలే వేళయింది.

ఆ పెద్దాయన ఇప్పుడు వుండడు. కువైట్లో వున్న ఆ కొడుక్కి అరవై దాటి వుంటాయి. ఆ జోలపాట విన్నవాళ్ళలో మిగిలింది బహుశా నేనొక్కణ్ణే. పల్లవి ఇంకా గుర్తుంది నాకు... అతను ఎక్కడున్నాడో తెలిస్తే, వెళ్ళి పాడి వినిపించాలని వుంది.